చాంబరు సంగతి తర్వాత, ముందు సీళ్ళు చూపించండి

"అన్నా, ఆర్‌ఎక్స్‌కి ఎక్స్‌పాన్షన్ చాంబరు పెట్టిస్తే ఎంత లాగుద్ది?"

రాజమండ్రి నుంచి రాజోలు దాకా కుర్రాళ్ళ దగ్గర్నుంచి ఈ శీర్షికకి తరచుగా వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పేముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. నీ బండి క్రాంకు సీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది? చాలామంది "అవి ఎక్కడుంటాయన్నా?" అంటారు. అందుకే ఈ వారం ఆ సంగతే.

ముందు మన ఆఫ్‌రోడ్ అంటే ఏమిటో ఒప్పుకుందాం. యూట్యూబులో కనిపించే కొండలు, గాల్లో ఎగిరే బైకులు మనకి మారేడుమిల్లి వైపు వెళ్తే తప్ప లేవు. మనకున్నవి పుంతదారులు, ఏటిగట్లు, చేపల చెరువు గట్లు, లంకల్లో ఇసుక తిన్నెలు. నరసాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లిలో దింపిన బండి మీద అంతర్వేది దాకా ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. వానాకాలంలో ఒండ్రుమట్టి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటే, ఇంజన్ ఫస్టు గేరులోనే అరుస్తూ అరగంట నడవాలి. అంటే ఇక్కడ ఇంజన్‌కి పరీక్ష స్పీడు కాదు. వేడి, నీరు, దుమ్ము, తక్కువ స్పీడులో ఎక్కువ బరువు.

ఈ పరీక్షకి దశాబ్దాలుగా కూర్చున్నవి రెండు బళ్ళు. ఒకటి అందరూ స్టేటస్ పెట్టుకునే యమహా ఆర్‌ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా తయారైంది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బోరు 50 మి.మీ., స్ట్రోకూ 50 మి.మీ. దేశంలో డర్ట్ ట్రాక్ పోటీల్లో ఏళ్ళ తరబడి దుమ్ము రేపింది ఇదే. రెండోది ఎవరూ స్టేటస్ పెట్టుకోని టీవీఎస్ ఎక్స్‌ఎల్. 70 సీసీ కూడా నిండని ఇంజన్. ముందు రెండు గెలలు, వెనక కొబ్బరికాయల బస్తా, దాని మీద మనిషి. గట్టు మీద మేత మూటలు మోసిన ఆ బండికి ఆఫ్‌రోడ్ అని పేరు పెట్టలేదు కానీ, నా లెక్కలో డెల్టా అసలు ఎండ్యూరో బైకు అదే. 2015లో ఎక్స్‌ఎల్ 100 ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌తో వచ్చాక పాతవి మెల్లగా తగ్గుతున్నాయి.

ఇక అసలు విషయం. ఫోర్‌స్ట్రోక్‌లో క్రాంకు గది అంటే ఆయిల్ ఉండే చోటు. టూ-స్ట్రోక్‌లో అది ఊపిరితిత్తి. పిస్టన్ పైకెళ్తే కింద గదిలోకి గాలి, పెట్రోలు పీల్చుకుంటుంది. కిందికొస్తే ఆ మిశ్రమాన్ని నొక్కి పక్క దారుల్లోంచి పైకి పంపుతుంది. అంటే నిమిషానికి వేలసార్లు కొట్టే పంపు. పంపుకి వాచరు పోతే నీళ్ళెక్కవు కదా, ఇక్కడా అంతే. ఆ గదికి క్రాంకు రెండు చివర్లా రెండు రబ్బరు ఆయిల్ సీళ్ళుంటాయి. పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ బండిలో అవి గట్టిపడి అప్పడంలా అయిపోతాయి.

క్లచ్ వైపు సీలు పోతే తెలిసిపోతుంది. గేరు ఆయిల్‌ని ఇంజన్ లోపలికి తాగేస్తుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, ప్లగ్గు నూనెలో ముంచినట్టుంటుంది. మీరు టూటీ ఆయిల్ ఎక్కువైందనుకుని తగ్గిస్తారు, పొగ తగ్గదు. గేరు ఆయిల్ లెవెల్ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మాగ్నెట్ వైపు సీలు అలా కాదు, చప్పుడు చెయ్యని దొంగ. బయటి గాలి లోపలికి వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. పలచబడ్డ కొత్తలో బండి ఇంకా చురుగ్గా లాగినట్టుంటుంది కూడా! యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ చప్పున దిగకుండా కాసేపు అరుస్తూ ఉండటం దాని గుర్తు. కార్బొరేటర్ స్క్రూ తిప్పి సరిపెడతారు చాలామంది. ఆ తర్వాత ఓ మధ్యాహ్నం ఫుల్ థ్రాటిల్‌లో వెళ్తుండగా పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, బ్లాకుని పట్టేస్తుంది.

ఇంజన్ పట్టేసిందంటే వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. హైవే మీద అయినా, ఒకపక్క కాలవ ఒకపక్క చెరువు ఉన్న ఆరడుగుల గట్టు మీద అయినా. పాత టూ-స్ట్రోక్ నడిపేవాళ్ళ ఎడమచేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటాయి, గమనించారా? అది స్టైలు కాదు. పట్టేసిన క్షణంలో క్లచ్ లాగితే చక్రం విడుదలవుతుంది. ఆ అరసెకను కోసమే ఆ వేళ్ళు.

సీళ్ళు బాగున్నాయో లేదో ఇంజన్ విప్పకుండానే చూడొచ్చు. కార్బొరేటర్ తీసి ఆ దారి, సైలెన్సర్ తీసి ఆ దారి పాత సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి మూసేయాలి. ఆటోల్యూబ్ పంపు ఉంటే దాని ఆయిల్ పైపు దారి కూడా. పిస్టన్ కిందికి దిగి ఉండాలి. ప్లగ్గు ఉన్న చోట ఓ గొట్టం అమర్చి గాలి కొట్టాలి. గేజి కావాలి కదా అంటారా? బీపీ చూసే ముల్లు మిషన్ ఉంటుంది చూడండి, బల్బు నొక్కితే ముల్లు కదిలేది, అదే. 300 దగ్గరికి కొడితే దాదాపు 6 పీఎస్‌ఐ. ప్రపంచమంతా టూ-స్ట్రోక్ మెకానిక్‌లు వాడే లెక్క 6 పీఎస్‌ఐ, 6 నిమిషాలు. ముల్లు నిలబడితే సరే. దిగిపోతుంటే మాగ్నెట్ కవరు తీసి సీలు దగ్గర, బ్లాకు కింది ప్యాకింగ్ దగ్గర సబ్బునీళ్ళు రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి. క్లచ్ వైపు సీలుకి సబ్బునీళ్ళు అందవు, గేరు ఆయిల్ పోసే బిరడా తీసి అక్కడ గాలి వస్తోందేమో చూడాలి. ఇంత సులువైన పరీక్ష చేసి చూపించమని మేస్త్రీని అడగండి. కొందరు నవ్వుతారు. చేసి చూపించేవాడు దొరికితే మాత్రం ఆయన్ని వదులుకోకండి.

సీళ్ళు మార్చేటప్పుడు వైటాన్ రకం అడగండి. కారణం పెట్రోలు. 2025 నాటికి మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. పాత బళ్ళలోని మామూలు రబ్బరుకి, పెట్రోలు పైపులకి, కార్బొరేటర్‌లోని ఓరింగులకి ఇది పడదు. మెత్తబడటం, ఉబ్బటం, పగలటం. ఇంకో సంగతి, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోలు కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలనుకుంటే, ఈ20కి 13.5 చాలు. అంటే అదే జెట్టులోంచి అదే పెట్రోలు పోతుంటే మిశ్రమం పలచనైపోయినట్టే. 1990లో కంపెనీ పెట్టిన జెట్టుకి ఈ సంగతి తెలీదు పాపం.

దీనికి తోడు మన సంక్రాంతి. మే నెలలో 40 డిగ్రీల ఎండలో ట్యూన్ చేయించిన బండిని భోగి పొద్దున్న మంచులో బయటికి తీస్తారు. 20 డిగ్రీల గాలి అంతకంటే 6, 7 శాతం చిక్కగా ఉంటుంది. ఈ తేడాని జెట్టు పూర్తిగా సర్దుకోలేదు. ఊరికి వచ్చిన ఫ్రెండ్సు, ఖాళీ ఏటిగట్టు, చల్లగా ఉన్న ఇంజన్, మొదటి కిక్కుకే ఫుల్ రేసు. ఇంజన్ పట్టెయ్యడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు. ఆస్ట్రియా కంపెనీ కేటీఎం 2018 మోడళ్ళ నుంచి తన టూ-స్ట్రోక్ ఎండ్యూరో బైకులకి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టింది. గాలి వేడిని బట్టి కంప్యూటరే సర్దుకుంటుంది. మన దగ్గర ఆ కంప్యూటరు మనమే. ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే మంచిది, నల్లగా తడిగా ఉంటే చిక్కన, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పలచన. తెల్లగా కనిపిస్తే, సీళ్ళు బాగున్నాయని తేలాక, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి మళ్ళీ చూడండి. వెళ్తూ వెళ్తూ ఇంజన్ ఆపేసి, క్లచ్ పట్టి, పక్కకి తీసుకుని చూస్తేనే ఈ రంగు నిజం చెబుతుంది. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచాక చూస్తే ఏమీ చెప్పదు.

ఆయిల్ దగ్గర మనవాళ్ళకి రెండు జబ్బులు. పొగొస్తోందని తగ్గించడం ఒకటి, భయమేసి గుప్పెడు పోసెయ్యడం రెండోది. లీటరుకి 20 మి.లీ. అంటే 50కి 1, 25 మి.లీ. అంటే 40కి 1. కంపెనీ చెప్పినదాన్ని మొదట పాటించండి, బురదలో బరువు మీద ఎక్కువసేపు నడిపేరోజు ఓ అయిదు మి.లీ. ఎక్కువ వేసుకోండి. అంతకు మించి పోస్తే ఆ మేరకు జెట్టులోంచి పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. మంచి చెయ్యబోయి చెడు. కొలిచే గ్లాసు మందుల షాపులో దొరుకుతుంది, మూతతో అంచనాలు వద్దు. ఆర్‌ఎక్స్‌లో ఆటోల్యూబ్ పంపు పనిచేస్తుంటే దాన్ని పీకించకండి. థ్రాటిల్‌ని బట్టి కొలిచి పోసే పంపు అది, పెట్రోలు బంకు కుర్రాడి చెయ్యి కంటే నమ్మకం. పైపులో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు.

డబ్బా మీద జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉండాలి. పొగా తక్కువ, మసీ తక్కువ. మన తీరంలో ఇంకో పొరపాటుకి అవకాశముంది. బోటు ఇంజన్ల కోసం తెచ్చిన టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ ఇంట్లో ఉంటుంది, అదీ టూటీయే కదా అని బండిలో పోస్తారు. అది నీళ్ళతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. గాలితో చల్లబడే బండి ఇంజన్ వేడి దానికి ఎక్కువ. ఒకప్పుడు రేసు బళ్ళలో వాడింది మన ఆముదమే, కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే పుట్టింది. అంతమాత్రాన అమ్మమ్మ డబ్బా తెచ్చి ట్యాంకులో పొయ్యకండి. రింగులకి జిగురు పట్టి అంటుకుపోతాయి. రేసు బళ్ళని ప్రతి పోటీకీ విప్పి కడిగేవాళ్ళు.

ఇక దుమ్ము. మన డెల్టాలో ఎర్రదుమ్ము తక్కువే కానీ, సార్వా, దాళ్వా కోతలప్పుడు హార్వెస్టర్లు లేపే ధాన్యం నుసి ఉంది చూశారూ, దాన్ని మించింది లేదు. ఫోము ఫిల్టరు అయితే కిరసనాయిల్‌లో పిండి, సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, ఆయిల్ తడిపి పిండి పెట్టాలి. ఫిల్టరు తీసేసి "సౌండు భలే ఉంది" అనేవాళ్ళకి నేను చెప్పేది ఏమీ లేదు, లేత్ షాపువాళ్ళే చెబుతారు.

లేత్ షాపంటే గుర్తొచ్చింది. పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెద్ద సైజులు దొరుకుతాయి. బ్లాకు బోరు కొట్టించేటప్పుడు పిస్టన్ ముందు కొని, దాన్ని షాపువాళ్ళ చేతిలో పెట్టి, దానికి తగ్గట్టు కొట్టమనాలి. బోరు కొట్టాక పిస్టన్ వెతుక్కోవటం తిరగేసిన పని. ఆర్‌ఎక్స్‌కి కొత్త పార్టుల పేరుతో దొరికేవాటిలో నకిలీలు బోలెడు. పిస్టన్‌కి, గోడకి మధ్య ఖాళీ మిల్లీమీటరులో నూరోవంతులు నాలుగైదు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. అలాంటి చోట కంటి అంచనా పనికిరాదు. ఇంకొకటి, ఫోర్‌స్ట్రోక్ బ్లాకులు కొట్టి కొట్టి అలవాటైన షాపులు మర్చిపోయేది: టూ-స్ట్రోక్ గోడలో పోర్టులుంటాయి, బోరు కొట్టాక వాటి అంచులు కత్తిలా తయారవుతాయి. ఆ అంచుల్ని కాస్త గుండ్రం చెయ్యకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. డబ్బులిచ్చే ముందు వేలు పెట్టి తడిమి చూడండి. గీసుకుంటే వెనక్కి ఇచ్చెయ్యండి.

సరే, చాంబరు. అడిగింది కదా, చెప్పాలి. సైలెన్సర్ గొట్టం మధ్యలో లావై మళ్ళీ సన్నబడే ఆ ఆకారం వెనక పెద్ద కథ ఉంది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, యుద్ధకాలంలో జర్మనీ రాకెట్ కేంద్రంలో పనిచేసినవాడు, పొగతో పాటు వెళ్ళే ఒత్తిడి అలని లెక్కగట్టాడు. అల గొట్టం చివర సన్నబడ్డ చోట తగిలి వెనక్కి వచ్చి, బయటికి జారిపోతున్న పచ్చి మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి తోస్తుంది. 1961 నాటికి 125 సీసీలో 25 హార్స్‌పవర్ రాబట్టాడు. అదే ఏడాది ఆ జట్టు రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి ఆ రహస్యాన్ని సుజుకీకి చేరవేశాడు. మరుసటి ఏడాదే సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఒక గొట్టం ఆకారం కోసం దేశం దాటిన మనిషి!

మనకి కావాల్సిన సంగతి ఏంటంటే, ఆ అల సరైన సమయానికి వెనక్కి రావాలంటే గొట్టం కొలత ఒక ఆర్‌పీఎమ్‌కే సరిపోతుంది. రేసు చాంబరు 8 వేల పైన ఊపిస్తుంది, 3 వేల దగ్గర బండిని నీరసం చేస్తుంది. పోర్టింగ్ పేరుతో ఎగ్జాస్ట్ పోర్టుని పైకి గీయించినా అంతే. లంక ఇసుకలో మీకు కావాల్సింది ఆ 3 వేల దగ్గరే. ఇసుకలో కూరుకుపోయిన బండికి మీద ఉన్న హార్స్‌పవర్ ఎందుకు? ఆఫ్‌రోడ్ కోసమైతే నా ఓటు ముందు వెనక స్ప్రాకెట్‌కి. రెండు, మూడు పళ్ళు పెద్దది వేస్తే తక్కువ ఖర్చుతో బురదలో తేడా చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత రీడ్ వాల్వు రేకులు. అంచులు చిట్లి, వెలుతురు కనిపిస్తుంటే కొత్తవి వేస్తే కిందిస్థాయి లాగుడు తిరిగొస్తుంది. ఆ పైన సైలెన్సర్ మసి గీయించడం. ఇవన్నీ అయ్యాక కూడా చాంబరు కావాలనిపిస్తే అది మీ సరదా. మోటారు వాహనాల చట్టం 182-ఏ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని మాత్రం తెలుసుకుని పెట్టండి. ట్రాక్ మీదికే వాడే బండి సంగతి వేరు.

మారేడుమిల్లి ఘాటు దిగేవాళ్ళకి ఒక మాట. టూ-స్ట్రోక్‌కి ఆయిల్ పెట్రోలుతో పాటే వెళ్తుంది. పెట్రోలులో కలిపి వాడే బండిని థ్రాటిల్ మూసేసి, గేరులో ఉంచి, కిలోమీటర్ల కొద్దీ ఇంజన్ బ్రేకింగ్‌తో దింపితే ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, తాగడానికి నూనె మాత్రం ఉండదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి రెండుసార్లు రేసు ఇవ్వండి. పాత రాజ్‌దూత్ నడిపిన పెద్దాయన ఎవర్నడిగినా ఆయ్, అంతేనండి అంటారు.

చివరిగా మన ఊరి సమస్య, నీళ్ళు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ళ ముందున్న బళ్ళు హ్యాండిల్ దాకా మునిగాయి. వరద తగ్గాక అందరూ చేసే మొదటి పని కిక్కు కొట్టడం. అది వద్దు. ముందు పెట్రోలు ట్యాప్ కట్టెయ్యండి. ప్లగ్గు తియ్యండి. ముందు చక్రం పైకెత్తి నిలబెడితే సైలెన్సర్‌లో నీళ్ళు వెనక నుంచి కారిపోతాయి. కార్బొరేటర్ కప్పు విప్పి ఖాళీ చెయ్యండి. అప్పుడు ప్లగ్గు లేకుండా మెల్లగా కిక్కు తిప్పితే కింద గదిలో ఉన్న నీళ్ళు ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్ముతాయి. ఇంకా మిగిలాయనిపిస్తే, ఇద్దరు పట్టుకుని బండిని తలకిందులు చెయ్యండి. ఎండ్యూరో వాళ్ళు ఏట్లో పడ్డప్పుడు చేసేది అదే. ట్యాంకులో పెట్రోలు మొత్తం పారబొయ్యాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరుతుంది, మీరు కలిపిన ఆయిల్ మాత్రం ఎక్కువగా పై పొరలోనే ఉండిపోతుంది. ఎక్స్‌ఎల్‌లో అయితే ఇంజన్ మొదట తాగేది ఆ నూనెలేని అడుగునీరే. గేరు ఆయిల్ వదిలి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే మార్చి, కొంచెం నడిపి, ఇంకోసారి మార్చాలి.

ఇదంతా అదే రోజు చెయ్యాలి. క్రాంకు బేరింగుల మీద ఉండేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే, నీళ్ళు తగిలిన రాత్రికే తుప్పు మొదలవుతుంది. ఆ రోజు మేస్త్రీ దొరక్కపోతే ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల టూటీ ఆయిల్ పోసి, చేత్తో మెల్లగా నాలుగైదుసార్లు తిప్పి, ప్లగ్గు బిగించి, బండిని గట్టు మీద ఎత్తయిన చోట పెట్టి రండి.